వాల్కైరియా క్రానికల్స్: ఏడో దళం యుద్ధం

వాల్కైరియా క్రానికల్స్ జపాన్ సంస్థ సేగా తయారుచేసిన వంతులవారీ యుద్ధవ్యూహ వీడియో గేమ్. ప్లేస్టేషన్ 3 కోసం రూపొందిన ఈ ఆట 2008 ఏప్రిల్ 24న జపాన్‌లోనూ, అదే ఏడాది చివర్లో ఐరోపా, అమెరికాల్లోనూ విడుదలైంది. దర్శకుడు షుంతారో తనాకా, నిర్మాత ర్యూతారో నోనాకా. పాత్రల రూపాలు రైటా హోంజో గీశాడు, సంగీతం హితోషి సకిమోతో సమకూర్చాడు. రెండో ప్రపంచ యుద్ధాన్ని తలపించే కల్పిత ఖండంలో, ట్యాంకులూ తుపాకులతో పాటు నీలి జ్వాలలు చిమ్మే పురాణ స్త్రీలు కూడా తిరిగే యుద్ధం దీని కథ. వంతులవారీ ఆటల్లో దీన్ని మెచ్చుకున్నంతగా మెచ్చుకున్నవి తక్కువ. మెచ్చుకున్నవాళ్ళే పళ్ళు నూరుకున్న ఆటలూ తక్కువే. ఈ రెండూ ఒకే చోట పుట్టడం దీని ప్రత్యేకత. సైన్యంలో ప్రతి మనిషినీ పేరు పెట్టి పరిచయం చేసే ఈ ఆట, మార్కులు వేసేటప్పుడు మాత్రం గడియారం ఒక్కటే చూస్తుంది.

వంతులవారీ ఆట మనకు కొత్తేమీ కాదు. చదరంగమైనా, ఊరి రచ్చబండ మీద గీసిన పులిజూదమైనా ఒకరు జరిపాక ఇంకొకరు జరపడమే. వీడియో గేముల్లో ఈ పద్ధతికి మనుషులను జోడించి, చనిపోయినవాడు మళ్ళీ రాడన్న నియమం పెట్టి పేరు తెచ్చుకున్నది 1990లో నింటెండో ఫామికామ్ మీద వచ్చిన ఫైర్ ఎంబ్లం. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్ దానికి రాజకీయ కథను చేర్చింది. ఆ ఆట సంగీతంలోనూ సకిమోతో చెయ్యి ఉంది. ఈ రెండింటిలోనూ ఆడేవారు పైనుంచి గళ్ళ పటాన్ని చూస్తారు. వాల్కైరియా క్రానికల్స్ ఆ గళ్ళను చెరిపేసింది.

వంతు ఎలా నడుస్తుంది

మొదట కనిపించేది యుద్ధభూమి పటం. తెర పైభాగంలో వరసగా కమాండ్ పాయింట్లుంటాయి. ఎవరైనా సైనికుడి బొమ్మ మీద నొక్కితే ఒక పాయింటు ఖర్చవుతుంది, ట్యాంకుకైతే రెండు. నొక్కగానే పటం విచ్చుకుని దృశ్యం నేలకు దిగుతుంది. ఆడేవారు ఆ సైనికుడి వీపు వెనక నిలబడతారు. అక్కడినుంచి అతన్ని స్వయంగా పరుగెత్తించాలి. అడుగు పడినకొద్దీ కింద యాక్షన్ పాయింట్ల పట్టీ కరుగుతుంది. పట్టీ అయిపోతే కాలు కదలదు. ఈ పద్ధతికి తయారీదారులు బ్లిట్జ్ అని పేరు పెట్టుకున్నారు.

అసలు కిటుకు ఏమిటంటే, మనిషి పరుగెడుతున్నంతసేపూ శత్రువులు ఊరుకోరు. వాళ్ళ వంతు కాకపోయినా, కంటికి కనబడితే కాలుస్తారు. అంటే ఆట వంతులదే గానీ పరుగు మాత్రం నిజ సమయంలో సాగుతుంది. ఇసుక బస్తాల వెనకనుంచి ఎదుటి గోడ దాకా ఇరవై అడుగులే అనిపిస్తుంది. ఆ ఇరవై అడుగుల్లో ఎడమ పక్క కిటికీలోంచి మెషిన్‌గన్ మొదలైతే సగం ప్రాణం అక్కడే పోతుంది. గోడ చేరి, గురి బటన్ నొక్కిన మరుక్షణం లోకమంతా ఆగిపోతుంది. తూటాలు ఆగుతాయి, కేకలు ఆగుతాయి. ఆడేవారు నింపాదిగా గురి చూసుకుని, తలకా, ఛాతీకా అని తేల్చుకుని, కాలుస్తారు. కాల్చడం పూర్తవగానే లోకం మళ్ళీ కదులుతుంది. అవతలివాళ్ళ కాల్పులూ మళ్ళీ మొదలు. పరుగులో కంగారు, గురిలో నెమ్మది. ఈ రెండింటి మధ్య ఊపిరి బిగబట్టి వదలడమే ఈ ఆట లయ. తర్వాత వచ్చిన అనుకరణలు చాలావాటికి ఇది పట్టుబడలేదు.

సైనికుల్లో ఐదు రకాలున్నారు. స్కౌట్లు చాలా దూరం పరుగెత్తగలరు, చాలా దూరం చూడగలరు, కానీ ఒకసారికి ఐదు తూటాలే. షాక్‌ట్రూపర్లు దగ్గరికి వెళ్ళి ఇరవై తూటాలు కుమ్మరిస్తారు. లాన్సర్లు పూర్వకాలపు బల్లేల్లాంటి గొట్టాలతో ట్యాంకులను కొడతారు. ఇంజినీర్లు ట్యాంకు మరమ్మతు చేస్తారు, మందుపాతరలు తీస్తారు, కూలిన ఇసుక బస్తాలు మళ్ళీ పేరుస్తారు. స్నైపర్లకు కన్ను దూరం, ప్రాణం తక్కువ. ట్యాంకుల వెనక భాగంలో నీలంగా మెరిసే రేడియేటరు ఉంటుంది. ముందునుంచి పది దెబ్బలు తిన్నా చలించని ఉక్కు కూడా, వెనకనుంచి అక్కడ సరిగ్గా తగిలితే పేలిపోతుంది. ట్యాంకు చుట్టూ తిరిగి వెనక చేరడానికి దారి వెతకడంలోనే సగం ఆనందం ఉంది.

ఇంకో చిన్న నియమం ఆటకు ప్రాణం పోసింది. ఒకే సైనికుణ్ణి ఒకే వంతులో ఎన్నిసార్లయినా పిలవవచ్చు. ప్రతిసారీ అతని పట్టీ చిన్నదవుతుంది, అంతే. వాడని పాయింట్లు కొన్ని తర్వాతి వంతుకు మిగులుతాయి. అందుకే ఎవరిని ఎంత వాడాలన్న లెక్క ప్రతి వంతులోనూ కొత్తగా ఉంటుంది. ఈ ఉదారమైన నియమమే తర్వాత ఆటకు ఎసరు పెట్టింది. ఆ సంగతికి ముందు కథ చూడాలి.

గల్లియా, డార్క్‌సెన్లు, ఒక పుస్తకం

ఖండం పేరు యూరోపా, సంవత్సరం 1935. తూర్పున సామ్రాజ్యం, పడమట అట్లాంటిక్ ఫెడరేషన్. మధ్యలో నలిగేది గల్లియా అనే చిన్న తటస్థ సంస్థానం. ఇక్కడ నేలలో రాగ్నైట్ అనే ఖనిజం దొరుకుతుంది. ఇంధనం అదే, మందు అదే, ఆయుధమూ అదే. దానికోసం సామ్రాజ్యం దండెత్తుతుంది. గల్లియాలో ప్రతి పౌరుడికీ సైనిక శిక్షణ తప్పనిసరి. అందువల్ల యుద్ధం రాగానే రొట్టెలు చేసేవాళ్ళూ చదువుకునేవాళ్ళూ తుపాకులు పట్టి మిలీషియాలో చేరతారు. వాళ్ళలో ఏడో దళానిది ఈ కథ.

నాయకుడు వెల్కిన్ గుంథర్ ప్రకృతి శాస్త్ర విద్యార్థి. సరిహద్దు ఊరు బ్రూల్ దగ్గర ఏటి ఒడ్డున కూర్చుని చేపల బొమ్మలు గీసుకుంటుంటే, గూఢచారి అనుకుని ఊరి కాపలా పిల్ల అలీసియా అతన్ని పట్టుకుంటుంది. ఆట మొదలయ్యేది అక్కడే. అలీసియా రొట్టెల దుకాణంలో పని నేర్చుకుంటున్న అమ్మాయి. వెల్కిన్ చెల్లెలు ఇసారా అతని సొంత చెల్లెలు కాదు, ఆ ఇంటివాళ్ళు పెంచుకున్న డార్క్‌సెన్ పిల్ల. డార్క్‌సెన్లకు ఇంటిపేర్లుండవు. ఏనాడో ఖండాన్ని తగలబెట్టింది వాళ్ళ పూర్వీకులేనని లోకం వాళ్ళను వెలివేసింది. ఇసారాకు గుంథర్ అన్న ఇంటిపేరు పెంపకం వల్ల వచ్చింది. ఎడెల్‌వైస్ అనే ట్యాంకును నడిపేది ఆమే. ఆ ట్యాంకు లేనిదే ఏడో దళం లేదు. అదే దళంలోని రోజీ అనే సైనికురాలికి డార్క్‌సెన్ల పొడ గిట్టదు.

ఐరోపాలో యూదుల మీద జరిగిన దారుణాన్ని ఈ కల్పన నేరుగా గుర్తుచేస్తుంది. ఫౌజెన్ అనే గని పట్టణంలో డార్క్‌సెన్లను నిర్బంధించి వెట్టిచాకిరీ చేయించే శిబిరం కనిపిస్తుంది. 2008లో ఒక వినోదపు ఆట ఆ జోలికి పోవడం సాహసమే. అంతటితో ఆగలేదు కూడా. ఖండాన్ని తగలబెట్టింది డార్క్‌సెన్లు కాదని, పురాణాల్లో దేవతల్లా కొలిచే వాల్కైరూర్ జాతే దండెత్తి వచ్చి, గెలిచి, నింద ఓడినవాళ్ళ నెత్తిన వేసిందని బారియస్ అనే చోటి శిథిలాల్లో బయటపడుతుంది. ఫెడరేషన్ కూడా ధర్మరాజేమీ కాదు. మిత్రుడి ముసుగులో గల్లియా యువరాణినే ఎత్తుకుపోవడానికి చూస్తుంది. గల్లియా సొంత సైన్యాధిపతి డామన్‌కు మిలీషియా అంటే చులకన. చావు తప్పని పనులన్నీ వాళ్ళకే అప్పగిస్తాడు.

ఈ కథంతా ఒక పుస్తకంలా సాగుతుంది. ఐరీన్ అనే యుద్ధ విలేకరి తర్వాతి కాలంలో రాసిన గ్రంథాన్ని ఆడేవారు తిరగేస్తున్నట్టు లెక్క. పేజీల మీద ఫొటోలు అంటించినట్టు సన్నివేశాలుంటాయి. ఒక్కో ఫొటో మీద నొక్కితే ఒక్కో ఘట్టం. మొత్తం పద్దెనిమిది అధ్యాయాలు. ఈ పుస్తకపు పోలిక బొమ్మల్లోనూ ఉంది. కాన్వాస్ అనే చిత్ర విధానంతో తెర మీద ప్రతిదీ నీటిరంగులు పూసి, పెన్సిల్‌తో నీడలు గీసినట్టు కనిపిస్తుంది. అంచుల్లో రంగు అందని తెల్ల కాగితం కూడా వదిలేశారు. ట్యాంకు కదిలితే ఆ గడగడ, తుపాకీ పేలితే ఆ ఢాం అక్షరాలై తెర మీద తేలతాయి, కామిక్ పుస్తకంలోలాగే. అదే కాలంలో నిజం ఫొటోలా కనిపించాలని తంటాలు పడ్డ ఆటలు చాలావరకు ముసలివైపోయాయి. దీనికి మాత్రం వయసు మీద పడలేదు.

ఒక్కొక్కరికీ ఒక్కో గుణం

ఆట గొప్పతనమంతా నిజానికి నాయకుల్లో లేదు, జట్టులో ఉంది. దళంలో ఇరవైమందికి చోటు. ఎంచుకోవడానికి దాదాపు యాభైమంది ఎదురు చూస్తుంటారు. ప్రతివాళ్ళకూ పేరుంది, ముఖముంది, గొంతుంది, కొన్ని గుణాలున్నాయి. ఆట వాటిని పొటెన్షియల్స్ అంటుంది. పూలపొడి పడనివాడు గడ్డిలో దిగితే బలం తగ్గుతుంది. పల్లెలో పెరిగినవాడు మట్టి నేల మీద హుషారవుతాడు, పట్నంలో పెరిగినవాడికి రాతి బాట మీద ఊపు వస్తుంది. సూజీ అనే స్కౌట్‌కు మనుషుల మీద తుపాకీ ఎత్తడానికి చేతులు రావు. గురి చూశాక ఆ గుణం పైకొస్తే ఆ వంతు వృథా. జాన్ అనే లాన్సర్ కండలు తిరిగిన మనిషి. అతనికి తోటి లాన్సర్ లార్గో అంటే ప్రాణం, అతను పక్కనుంటే బలం పెరుగుతుంది. ఎడీ అనే షాక్‌ట్రూపర్ తనొక తారననే భ్రమలో ఉంటుంది. మరీనా అనే స్నైపర్‌కు ఒంటరిగా ఉంటేనే గురి కుదురుతుంది. సేగా పాత ఆట స్కైస్ ఆఫ్ ఆర్కేడియా నుంచి వైస్, ఐకా అనే ఇద్దరు చుట్టపుచూపుగా వచ్చి ఇందులో సిపాయిలయ్యారు. ఆ ఆట తయారుచేసినవాళ్ళు కొందరు ఈ జట్టులోనూ పనిచేశారు.

జాతిద్వేషం లాంటి మురికి కూడా ఈ గుణాల పట్టికలో ఉంది. డార్క్‌సెన్లంటే పడని సిపాయి పక్కన డార్క్‌సెన్ నిలబడితే, ద్వేషించేవాడి బలమే తగ్గుతుంది. ఉపన్యాసం లేదు, నీతి బోధ లేదు. ఆడేవారు పటం మీద ఇద్దరినీ దూరంగా నిలబెట్టుకోవాల్సి వస్తుంది. దళంలో చీలిక అంటే ఏమిటో అప్పుడు చేతికి తెలుస్తుంది. కథలో రోజీ మారడానికి గంటలు పట్టింది గానీ, ఈ చిన్న నియమం ఆ పని నిమిషంలో చేసింది.

ఎవరైనా నేలకూలితే మూడు వంతుల గడువు ఉంటుంది. ఈలోగా మనవాళ్ళెవరైనా వెళ్ళి అతన్ని తాకితే వైద్యురాలు వచ్చి మోసుకుపోతుంది. గడువు దాటినా, శత్రువు ముందుగా తాకినా, అతను పోయినట్టే. చివరి మాట ఒకటి చెప్పి కన్నుమూస్తాడు. మరి రాడు. అందుకే గెలుపు పక్కనపెట్టి, వంతెన అవతల పడి ఉన్న పనికిరాని ఇంజినీరు కోసం ముగ్గురిని పంపి, ఆ ముగ్గురిలో ఇంకొకరిని పోగొట్టుకున్న కథలు ఈ ఆట ఆడినవాళ్ళందరి దగ్గరా ఉంటాయి. లెక్క ప్రకారం అది తెలివితక్కువ పని. అనుభవపు పాయింట్లు ఈ ఆటలో మనిషికి కాదు, అతని రకానికి వెళతాయి. స్కౌట్ల స్థాయి పెంచితే స్కౌట్లందరి స్థాయీ పెరుగుతుంది. పోయినవాడి స్థానంలో అంతే బలమున్న ఇంకొకడు మర్నాడే దొరుకుతాడు. పోయేది ఆ మనిషి ఒక్కడే. అయినా ఎవరూ వదులుకోరు. ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు ఇలాంటి ఆటకు ఉండదు.

గడియారం వేసే మార్కులు

ఇక తగువు ఇక్కడ మొదలవుతుంది. యుద్ధం ముగిశాక ఆట ఒక ర్యాంకు ఇస్తుంది. పైది ‘ఏ’, అడుగుది ‘డి’. ఆ ర్యాంకును తేల్చేది ఎన్ని వంతుల్లో ముగించారన్నది ఒక్కటే. ఎంతమంది బతికారు, ఎంత పద్ధతిగా ముందుకు వెళ్ళారు, ఎన్ని తూటాలు వృథా అయ్యాయి, వీటికి విలువ లేదు. శత్రు నాయకులనూ ట్యాంకులనూ పడగొడితే కాస్త అదనపు బహుమతి ఉంటుంది గానీ అది ర్యాంకును మార్చదు. ‘ఏ’ ర్యాంకు వస్తే డబ్బూ అనుభవమూ ఎక్కువ. మంచి తుపాకులు కొనాలన్నా, స్థాయిలు పెరగాలన్నా అవే కావాలి. అంటే నెమ్మదిగా, మనుషులను కాపాడుకుంటూ ఆడినవాడికి ఆట జరిమానా వేస్తుంది.

దాంతో ఏమవుతుంది? చాలా యుద్ధాల్లో లక్ష్యం శత్రు శిబిరపు జెండాను పట్టుకోవడమే. అందరికంటే ఎక్కువ దూరం పరుగెత్తేది స్కౌట్. ఒకే వంతులో ఒకరినే పదేపదే పిలవవచ్చు. ఈ మూడూ కలిస్తే వచ్చే జవాబు అలీసియా. రక్షణ పెంచే ఆర్డరు ఒకటి ఆమెకు తగిలించి, కాల్పుల మధ్యగా అడ్డంగా పరుగెత్తించి, జెండా పక్కనున్న ఒకరిద్దరిని గ్రెనేడుతో లేపేసి, శిబిరం పట్టేస్తే సరి. ఒకటి రెండు వంతుల్లో యుద్ధం ముగుస్తుంది, ‘ఏ’ ర్యాంకు వస్తుంది. కాపు పెట్టి, ట్యాంకును సందుల్లోంచి నడిపించి ఎనిమిది వంతుల్లో గెలిచినవాడికి సి. పదకొండో స్థాయికి చేరాక స్కౌట్లకు తుపాకీతో గ్రెనేడు విసిరే ఏర్పాటు కూడా చేతికొస్తుంది. అప్పటినుంచి మిగతా రకాల పని మరీ తగ్గిపోతుంది. లాన్సర్లు మొదటినుంచీ నెమ్మది, పైగా వాళ్ళ గురి అదృష్టం మీద ఆధారం. స్నైపర్ రెండడుగులు వేసేసరికి పట్టీ ఖాళీ.

యాభైమందిని అంత ప్రేమగా గీసి, వాళ్ళలోంచి ఒకమ్మాయిని పరుగెత్తిస్తే చాలు అనడం తయారీదారుల ఉద్దేశం అయి ఉండదు. కానీ నియమాలు చెప్పేది అదే. ఆట నోటితో ఒకటి చెప్పి, మార్కులతో ఇంకొకటి చెబుతుంది. దీన్ని చిన్న లోపమని కొట్టిపారేసే అభిమానులున్నారు. ర్యాంకు చూడకుండా ఆడండి అంటారు. చూడకుండా ఉండటానికి అది ప్రతి యుద్ధం చివర ముఖం మీదికి వస్తుంది మరి. పైగా కథలోని యుద్ధాన్ని మళ్ళీ ఆడి ర్యాంకు దిద్దుకోవాలంటే మొదటిసారి ఆట మొత్తం పూర్తిచేసి రెండోసారి మొదలుపెట్టాలి. అప్పటిదాకా అనుభవం కూడగట్టుకోవడానికి చిన్నపాటి విడి పోరాటాలే దిక్కు.

గురిలోనూ అదృష్టం పాలు ఎక్కువే. తెర మీద కనిపించే వలయంలో తూటా ఎక్కడైనా పడవచ్చు. ఎదురుగా నిలబడ్డవాడి తలకు గురిపెట్టి కాలిస్తే ఐదింటిలో నాలుగు చెవి పక్కనుంచి పోతాయి. యుద్ధం మధ్యలో సేవ్ చేసుకునే వీలుండటంతో, తప్పిన ప్రతి తూటాకూ వెనక్కి వెళ్ళి మళ్ళీ కాల్చడం చాలామందికి అలవాటైపోతుంది. ఆ అలవాటు పడ్డాక ఊపిరి బిగబట్టడం అంటూ ఇక ఉండదు.

బారియస్ ఎడారి

ఫిర్యాదులన్నీ ఒకచోట పోగుపడేది ఏడో అధ్యాయంలో. బారియస్ ఎడారిలో, పురాతన శిథిలాల మధ్య, సామ్రాజ్యపు యువరాజు మాక్సిమిలియన్ బాటోమిస్ అనే రాకాసి ట్యాంకు మీద వస్తాడు. అది కదిలే కోట. మామూలు దెబ్బలు దాన్ని ఏమీ చేయవు. దారి పక్కన నిలబడ్డ శిథిలాలను ఎడెల్‌వైస్ గుండ్లతో కూల్చి దాన్ని ఆపాలి, తర్వాత రేడియేటర్లను పట్టుకోవాలి. ఎప్పుడు ఏది కూల్చాలో, ఎంతమందిని ఎక్కడ నిలపాలో తెలిసేది ఒకసారి ఓడిపోయాకే. సగం పని అయిందనుకునేసరికి గోరుచుట్టు మీద రోకటిపోటులా, సామ్రాజ్యం వైపు పోరాడే సెల్వేరియా దిగుతుంది. చేతిలో బల్లెం, డాలు, చుట్టూ నీలి జ్వాల. ఆమె నిజమైన వాల్కైరియా, ఆ వాల్కైరూర్ జాతి మనిషి. తూటాలు ఆమెను తాకవు. ఆమె కంటపడ్డవాళ్ళు నిలవరు. అప్పటిదాకా సరిగ్గా ఆడినవాడికి కూడా దళంలో సగం నేల మీద పడి ఉంటుంది. చాలామంది ఈ ఆటను వదిలేసింది ఇక్కడే.

కథ పరంగా చూస్తే ఈ ఘట్టం అద్భుతం. మామూలు మనుషుల యుద్ధంలోకి మనిషి కాని ఆయుధం అడుగు పెట్టినప్పుడు కలిగే నిస్సహాయత అలాగే ఉండాలి. వ్యూహపు ఆటగా చూస్తే మాత్రం ఇది మోసం. ముందుగా తెలియని సంగతికి ముందుజాగ్రత్త ఎవరు పడగలరు? ఖాళీగా ఉన్న వీధిలో ఉన్నట్టుండి శత్రు ట్యాంకులు దింపి వెనకనుంచి కొట్టడం మిగతా అధ్యాయాల్లోనూ ఉంది. రెండోసారి ఆడినప్పుడు అవన్నీ సులువు, ఎందుకంటే అప్పటికి సమాధానపత్రం చేతిలో ఉంటుంది.

మామూలు శత్రువుల తెలివి దీనికి పూర్తిగా ఎదురు. బలముంది గానీ బుర్ర లేదు. ఒక సిపాయి ముందుకు నాలుగడుగులు వేసి, అదే వంతులో వెనక్కి నాలుగడుగులు వేసి, రెండు పాయింట్లు తగలేస్తాడు. ఇంకొకడు మెషిన్‌గన్ ఎదుటికే నడిచి వస్తాడు. ఈ విన్యాసాలన్నీ ఆడేవారు కళ్ళప్పగించి చూడాల్సిందే. శత్రువు వంతును దాటవేసే వీలు మొదటి ఆటలో పెట్టలేదు. పెద్ద యుద్ధాల్లో కాఫీ కలుపుకొచ్చేంత తీరిక దొరుకుతుంది.

పుస్తకంలో లేని చావులు

ఆట చివరి సగంలో ఏమవుతుందో తెలుసుకోవద్దనుకునేవారు ఈ భాగం వదిలేయవచ్చు. పదో అధ్యాయంలో, మార్‌బెర్రీ తీరంలో, ఇసారా చనిపోతుంది. ఆమె తయారుచేసిన పొగ గుండ్ల వల్లే దళం ఆ తీరాన్ని గెలుస్తుంది. గెలిచాక ఒక తూటా వస్తుంది. రోజీతో మాటలు కలిసిన రోజునే. ఆ తర్వాత దుఃఖానికి ఆట తగినంత చోటిస్తుంది, తొందరపెట్టదు. యుద్ధం ఆటలు మరణాన్ని ఇంత నిదానంగా చూపించడం అరుదు.

అయితే అదే దళంలో ఆడేవారి తప్పు వల్ల పోయినవాళ్ళ సంగతి? వాళ్ళ గురించి తర్వాతి సన్నివేశంలో ఎవరూ ఒక్క మాటైనా అనరు. ఐరీన్ పుస్తకంలో ఒక్క వాక్యమూ మారదు. తను రాసుకున్న చావుకు మాత్రమే ఆట ఏడుస్తుంది. అలీసియా, రోజీ, లార్గోల్లాంటి ముఖ్యులకు యుద్ధభూమిలో చావే లేదు. పడిపోతే ఆ పూటకు వెళ్ళిపోయి, మర్నాడు తిరిగి వస్తారు. పైగా వాళ్ళు రంగంలో ఉంటే కమాండ్ పాయింటు ఒక్కొక్కటి అదనం. అందువల్ల ప్రతి యుద్ధంలోనూ వాళ్ళనే తీసుకువెళ్ళాలి. సూజీకీ మరీనాకూ మిగిలే చోట్లు ఆ మేరకు తగ్గుతాయి.

అలీసియా కథ మరీ విచిత్రం. ఆమెలోనూ వాల్కైరియా రక్తముందని వెల్కిన్ స్నేహితుడు ఫాల్దియో పసిగడతాడు. ఆ శక్తిని లేపడానికి ఆమెను తానే తుపాకీతో కాలుస్తాడు. దేశం కోసం స్నేహితురాలిని ఆయుధంగా మార్చడం తప్పని కథ గట్టిగానే చెబుతుంది. సామ్రాజ్యం వైపు సెల్వేరియా బతుకు కూడా అదే. మాక్సిమిలియన్ మాట మీద తన ప్రాణాన్నే బాంబుగా పేల్చుకుంటుంది. మనిషిని ఆయుధంగా వాడకూడదన్న ఈ కథ, అలీసియానే జెండా దాకా పరుగెత్తించినవాడికి ‘ఏ’ ర్యాంకు ఇస్తుంది. ఈ వైరుధ్యాన్ని ఎత్తి చూపకుండా ఈ ఆట గురించి రాయడం కుదరదు.

శిబిరాల వేదన పక్కనే రెక్కల పందిపిల్ల, బడిపిల్లల మాదిరి సిగ్గులు కూడా ఉన్నాయి. కొందరికి ఇది ఊరట, కొందరికి పంటికింద రాయి. రెండో పక్షం వాదనలోనే పస ఎక్కువ.

తర్వాతి దారి

2009లో ఏ-1 పిక్చర్స్ దీన్ని 26 భాగాల ఆనిమేగా తీసింది. రెండో ఆట 2010లో, మూడోది 2011లో, చేతిలో పట్టుకునే పీఎస్‌పీ మీద వచ్చాయి. ఆ చిన్న యంత్రానికి తగ్గట్టు యుద్ధభూములను ముక్కలు ముక్కలుగా కత్తిరించారు. మూడోది జపాన్ దాటి అధికారికంగా బయటికి రాలేదు. 2017లో వాల్కైరియా రివల్యూషన్ పేరుతో వంతులను పక్కనపెట్టి చేసిన ప్రయత్నం అభిమానులకు రుచించలేదు.

తిరిగి ఊపిరి పోసింది కంప్యూటర్. 2014 నవంబరులో విండోస్ మీదికి వచ్చిన మొదటి ఆట, ఆరేళ్ళ పాతదైనా, బాగా అమ్ముడైంది. విడిగా డబ్బు పెట్టి కొనాల్సిన అదనపు ఘట్టాలన్నీ అందులో కలిపే ఇచ్చారు. 2016లో ప్లేస్టేషన్ 4కూ, 2018లో నింటెండో స్విచ్‌కూ చేరింది. 2018లోనే వాల్కైరియా క్రానికల్స్ 4 వచ్చింది. అదే యుద్ధం, అదే కాలం, ఈసారి ఫెడరేషన్ సైన్యంలోని స్క్వాడ్ ‘ఇ’ అనే దళం మంచులో నడుస్తుంది. దూరంనుంచి మోర్టారు గుండ్లు వేసే గ్రెనేడియర్లు కొత్తగా చేరారు. నాయకుడు తనతో ఇద్దరిని వెంటబెట్టుకుని కదిలే వీలు కల్పించారు, దాంతో లాన్సర్ల నెమ్మదికి మందు దొరికింది. పడిపోబోయే సైనికుడికి చివరి పని ఒకటి చేసే అవకాశమూ ఇచ్చారు. ఫైర్ ఎంబ్లం అయితే 2010లోనే, పడినవాళ్ళు తిరిగి వచ్చే క్యాజువల్ పద్ధతిని ప్రవేశపెట్టి చావు నియమాన్ని ఆడేవారి ఇష్టానికి వదిలేసింది. వాల్కైరియా ఆ పని చేయలేదు, చేయకపోవడమే మంచిదైంది. ర్యాంకు లెక్క మాత్రం నాలుగో ఆటలోనూ వంతుల మీదే నిలిచింది. పదేళ్ళు గడిచినా దిద్దుకోని తప్పు అదొక్కటే.

కొత్తగా ఆడదలచినవారు మొదటి ఆటనే, విండోస్‌లోగానీ స్విచ్‌లోగానీ మొదలుపెట్టడం మేలు. ర్యాంకు కోసం పాకులాడకండి, సి వచ్చినా కథ ఆగదు. యుద్ధభూమిలో సేవ్ చేసేటప్పుడు రెండు మూడు వేర్వేరు చోట్ల చేసుకోండి. ఏడో అధ్యాయానికి ముందు దాచుకున్నదాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెరిపేయవద్దు.